ఉయ్యాల తెగక ముందు సంగతి: పార్కులు, ఈతకొలనులు, రేవుల్లో ప్రమాదాలకు బాధ్యత ఎలా తేలుతుంది

పార్కులో ఉయ్యాల ఒక్క రోజులో తెగదు. గొలుసును పై పైపుకు తగిలించే కొక్కెం ఊగిన ప్రతిసారీ ఇనుముకు ఇనుము ఒరుసుకుని కాస్త కాస్త అరుగుతుంది. 10 మిల్లీమీటర్ల కడ్డీ అరిగి 5 మిల్లీమీటర్లకు వచ్చిందంటే బలం సగం మిగిలిందనుకుంటారు. కోత వైశాల్యం పావు వంతుకు పడిపోతుంది కాబట్టి మిగిలే బలం పావు వంతే. ఆ పావు వంతు మీద ఐదేళ్ల పిల్ల కొన్నాళ్లు క్షేమంగానే ఊగుతుంది. ఓ ఆదివారం సాయంత్రం పన్నెండేళ్ల కుర్రాడు నిలబడి ఊగుతాడు, తెగుతుంది. మర్నాటి నుంచి ఊరంతా కుర్రాణ్నే అంటుంది: నిలబడి ఎందుకు ఊగాలి?

కోర్టు ముందుగా చూసేది వేరు. ఆ కొక్కెం ఎన్నాళ్ల నుంచి అలా ఉంది? దాన్ని చూడాల్సిన మనిషి ఎవరు? చూశాడా? చూసి ఏం చేశాడు? నిర్లక్ష్యం కేసు బలమంతా ప్రమాదానికి ముందు గడిచిన రోజుల్లో ఉంటుంది. ఆ రోజుల రుజువు చేజారితే చట్టం ఎంత అనుకూలంగా ఉన్నా పరిహారం చేతికి రాదు.

గోదావరి డెల్టాలో ఈ ముందు రోజులు తొందరగా గడుస్తాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి. పైకి వస్తే నీళ్లు ఓ పట్టాన ఇంకని జిగురుమట్టి. ఉయ్యాల, జారుడుబల్ల కాళ్లకు వేసిన కాంక్రీటు దిమ్మ నేలమట్టం కంటే కాస్త లోతులో ఉంటే ఆ గుంటలో వాన నీళ్లు నిలుస్తాయి. పైపు నేలలోకి దిగే చోట, రెండు మూడు అంగుళాల మేర, తుప్పు పట్టేది అక్కడే. పైపు పైకొనకు మూత లేకపోతే లోపలికి వాన దిగి లోపలి నుంచి కూడా తింటుంది. జనవరి 26కో, ఆగస్టు 15కో ముందు వేసే రంగు ఈ తుప్పును కప్పేస్తుంది. దగ్గరికెళ్లి చిన్న సుత్తితో కొడితే తెలిసిపోతుంది: గట్టి పైపు ఖంగుమంటుంది, తిన్న పైపు బొదబొదమంటుంది, ఒక్కోసారి సుత్తి మొన లోపలికే దిగుతుంది. అయిదు నిమిషాల పని. ఇంత తేలిక పరీక్ష చేయలేదంటే, కనిపించని లోపమని తప్పించుకోవడం కష్టం.

కింద నేల సంగతి అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే పిల్లలు పడటం ఎలాగూ ఖాయం. ఆటస్థలాలకు ఐరోపా వాళ్లు పెట్టుకున్న ఈఎన్ 1176 ప్రమాణం ప్రకారం, 2 మీటర్ల ఎత్తు నుంచి పడే చోట 30 సెంటీమీటర్లు, 3 మీటర్లయితే 40 సెంటీమీటర్ల మందాన వదులు ఇసుక ఉండాలి. ఆ ఇసుకా మట్టి, ఒండ్రు లేకుండా కడిగినదై ఉండాలి. ఒండ్రు కలిసిన ఇసుక రెండు వానలకు బిగుసుకుని గచ్చులా తయారవుతుంది. గోదారి ఒడ్డునే ఉండి ఇసుక దొరకలేదనడం వినడానికి బాగోదు గానీ, పార్కుల్లో తరచూ జరిగేది ఉయ్యాల కిందే సిమెంటు పలకలు పరిచేయడం. అందం కోసం చేసిన ఆ పని తలకు తగిలే దెబ్బను ఎన్నో రెట్లు చేస్తుంది. జారుడుబల్ల పైన కటకటాల సందులకూ ఇదే ప్రమాణంలో లెక్కుంది: 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య సందు ఉండకూడదు. ఆ సందులో చిన్నపిల్లల ఒళ్లు కాళ్లవైపు నుంచి దూరిపోతుంది, తల ఇరుక్కుంటుంది. ఈ ప్రమాణం మన దేశంలో చట్టం కాదు. అయితే జాగ్రత్త తెలిసిన నిర్వాహకుడు ఏం చేస్తాడన్నదానికి కొలతగా దాన్ని కోర్టు ముందు పెట్టవచ్చు. నిర్లక్ష్యం కేసులో కొలత చూపగలిగిన వాడి మాటకు బరువెక్కువ.

నాలుగు సంగతులు రుజువు కావాలి

నిర్లక్ష్యానికి పరిహారం అడిగేవాళ్లు చూపాల్సినవి ఇవి. ఎదుటివాళ్లకు జాగ్రత్త చూపాల్సిన కర్తవ్యం ఉంది. దాన్ని వాళ్లు తప్పారు. నష్టం జరిగింది. ఆ తప్పడం వల్లే ఆ నష్టం జరిగింది. మొదటిదీ మూడోదీ పార్కు కేసుల్లో పెద్ద వివాదం కావు. జనాన్ని రమ్మని గేటు తెరిచినవాడికి కర్తవ్యం ఉంటుంది, విరిగిన కాలు ఎక్స్‌రేలో కనిపిస్తుంది. పోరంతా రెండోదాని మీద, నాలుగోదాని మీద.

సర్కారుపైన దావా నడవదన్న అపోహ ఇంకా ఉంది. 1964లో కస్తూరిలాల్ కేసులో సుప్రీంకోర్టు సార్వభౌమ విధుల పేరుతో, అంటే రాజ్యం మాత్రమే చేయగల పనులన్న పేరుతో, ప్రభుత్వానికి రక్షణ ఇచ్చిన మాట నిజమే. అయితే 1994లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఎన్.నాగేంద్రరావు కేసులో అదే కోర్టు ఆ రక్షణను బాగా కుదించింది. పార్కు నడపడం, ఈతకొలనుకు టికెట్టు కొట్టడం ఎవరు చేసినా ఒకటే పని. అందులో సార్వభౌమత్వమేమీ లేదు.

స్థానిక సంస్థల విషయంలో మూడు తీర్పులు పక్కపక్కన పెట్టి చదవాలి. 1966లో సుభగ్‌వంతి కేసు: దిల్లీ చాందినీ చౌక్‌లో గడియారం స్తంభం కూలి జనం చనిపోయారు. కట్టడం దానంతటదే కూలిందంటే ఘటనే నిర్లక్ష్యాన్ని చెబుతోందని, లోపం పైకి కనపడలేదన్న సాకు చెల్లదని, కాలం తీరిన కట్టడాన్ని తనిఖీ చేయాల్సింది కార్పొరేషనేనని సుప్రీంకోర్టు తేల్చింది. 1997లో రాజ్‌కోట్ కేసు: రోడ్డు పక్క చెట్టు కూలి నడిచి వెళ్తున్న మనిషి చనిపోతే కార్పొరేషన్ బాధ్యురాలు కాదంది. 1999లో సుశీలాదేవి కేసు: కొమ్మ విరిగి స్కూటరు మీద వెళ్తున్న మనిషి తల మీద పడింది, ఈసారి కార్పొరేషన్ పరిహారం ఇవ్వాలంది. రెండేళ్ల తేడాతో రెండు చెట్లు, రెండు తీర్పులు. రెండో కేసులో చెట్టు చచ్చి ఎండిపోయిందన్న సాక్ష్యం ఉంది. బెరడు ఊడి, ఆకు లేని చెట్టును చూసినవాడికి ప్రమాదం తెలియాలి. పచ్చగా ఉన్న చెట్టు హఠాత్తుగా కూలితే అలా అనడం కష్టం.

కోనసీమలో ఈ చెట్ల న్యాయం కొబ్బరికి వర్తిస్తుంది. తోటలోనే రిసార్టు, తోటలోనే పిల్లల పార్కు. దింపు, అంటే కాయ కోత, తీయించే గడువు మామూలుగా 45 నుంచి 60 రోజులు. గడువు దాటితే ముదిరిన కాయ, ఎండు మట్ట రాలతాయని ఇక్కడ పసిపిల్లాడికీ తెలుసు. అందుకే ఈ ప్రాంతంలో నడిపే రిసార్టు, కాయ పడుతుందని ఊహించలేదని చెప్పుకోవడానికి వీల్లేదు. దింపు కార్మికుడికి ఆఖరిసారి కూలి చెల్లించిన తేదీ ఇలాంటి కేసులో తిరుగులేని కాగితం.

పిల్లల విషయంలో కర్తవ్యం మరింత బరువైనది. 1922 నాటి ఓ బ్రిటిష్ తీర్పును మన కోర్టులూ ఉదహరిస్తుంటాయి: గ్లాస్గో నగర ఉద్యానవనంలో నిగనిగలాడే విషపు పండ్లు తిని ఏడేళ్ల పిల్లాడు చనిపోతే, పిల్లలను ఆశపెట్టే ప్రమాదాన్ని వాళ్లకు అందేచోట పెట్టడమే తప్పు, పిల్లాడు తెంపుకున్నాడని సాకు చెప్పకూడదని తేల్చారు. మన పార్కుల కంచె వెంట నాటే పచ్చగన్నేరు చూస్తే ఈ తీర్పు గుర్తుకు రావాలి. దాని గింజలు గుండెను ఆపగల విషం. పూలు బాగుంటాయి, పశువులు మేయవు, నీళ్లు పోయక్కర్లేదు అని నాటేస్తారు.

నీళ్ల దగ్గర

డెల్టాలో వినోదమంటే సగం నీళ్లతోనే. నది ఉన్నదున్నట్టు ఉంటే, అందులోకి తనంతట తాను దిగిన పెద్దమనిషికి సర్కారు జవాబుదారీ కాదు. మెట్లు కట్టి, దీపాలు పెట్టి, రమ్మని బోర్డు రాసి, పడవ టికెట్టు అమ్మితే లెక్క మారుతుంది. 2015 జూలై 14న, పుష్కరాల తొలిరోజున రాజమహేంద్రవరం పుష్కరఘాట్ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయాక ఏకసభ్య కమిషన్ విచారణ జరిగింది. మళ్లీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి. అంతమంది వస్తారని ముందే తెలిసిన చోట, లోపలికి ఒక దారీ బయటికి ఒక దారీ లేకుండా వదలడాన్ని ఊహించని ఘటన అనడం ఇకపై ఎవరికీ కుదరదు.

కాలువ రేవుల్లో ప్రమాదం మరో రకం. వేసవిలో కాలువలు కట్టేశాక యంత్రాలతో పూడిక తీస్తారు. రేవు ఆఖరి మెట్టు ముందు నిరుడు మోకాలి లోతున్న చోట ఈసారి నిలువెత్తు గొయ్యి ఉండొచ్చు. జూన్‌లో నీళ్లు వదలగానే అదంతా కనపడకుండా పోతుంది. నిరుడు ఆడుకున్న చోటే కదా అని దిగిన పిల్లాడు మునుగుతాడు. ఇక్కడ నీళ్లను కాదు, గొయ్యిని చూడాలి. ప్రమాదాన్ని సృష్టించింది మనిషి చేసిన పని. ఎంత లోతు తవ్వారో ఇంజినీర్ల కొలతల పుస్తకంలో, అంటే ఎం-బుక్‌లో, తేదీతో సహా ఉంటుంది. హెచ్చరిక బోర్డు పెట్టారా, మెట్టు ముందు గొయ్యి పూడ్చారా అన్నదే ప్రశ్న.

పడవలకు ధవళేశ్వరం లెక్కలు సాక్ష్యం. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఇవి గంటగంటకూ నమోదవుతాయి. హెచ్చరిక అమల్లో ఉన్న రోజున షికారు పడవ కదిలిందంటే ప్రమాదం ముందే తెలుసని సర్కారు కాగితమే చెబుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటక పడవ మునిగింది వరద నీళ్లలోనే. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం పడవకు రిజిస్ట్రేషన్, సర్వే ధ్రువపత్రం, బీమా ఉండాలి. ప్రమాదం తర్వాత ముందు అడగాల్సినవి ఈ మూడు కాగితాలు, ఆ వెంటనే ఆ రోజు ఎక్కినవాళ్ల జాబితా. లైఫ్ జాకెట్లు పడవలో ఉన్నాయనే జవాబు సరిపోదు. పైకప్పుకు తాడుతో కట్టిన జాకెట్, పెద్దవాళ్ల సైజులో పిల్లకు తొడిగిన జాకెట్ లేనట్టే లెక్క. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేకపోతే నీళ్లలో పడగానే పిల్ల కిందికి, జాకెట్ పైకి వెళ్లిపోతాయి.

ఈతకొలనులో చూడాల్సింది అడుగు. గట్టు మీద నిలబడితే లోతైన చోట అడుగున ఉన్న జాలీ స్పష్టంగా కనపడాలి. కనపడకపోతే ఆ పూట కొలను మూసేయాలి. ఇక్కడి బోరు నీళ్లలో ఇనుము ఎక్కువగా ఉన్నచోట క్లోరిన్ కలపగానే నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. మోటారు ఆగి వడపోత నిలిచిపోతే ఆకుపచ్చగా మారతాయి. మునిగే పిల్లాడు సినిమాలో లాగా అరవడు, చేతులూపడు. ఊపిరి కోసమే నోరు సరిపోదు, ఇక కేక ఎక్కణ్నుంచి వస్తుంది? మసక నీళ్లలో అడుగుకు చేరిన ఒంటిని ఎవరూ చూడరు, నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతింటుంది. అందుకే కొలను కేసులో రెండు సంగతులు ముందు పట్టుకోవాలి: ఆ పూట నీళ్లు ఎంత తేటగా ఉన్నాయి, కాపలా ఈతగాడు ఆ నిమిషంలో ఎక్కడున్నాడు. టికెట్లు చింపేదీ, చెప్పులు కాపలా కాసేదీ, పిల్లల్ని కాసేదీ ఒకే మనిషి అయితే నిర్వాహకుడి తప్పు అక్కడే తేలింది. అడుగున పీల్చే జాలీ మూత ఊడితే జుట్టు, చెయ్యి ఇరుక్కుంటాయి. ఒకటే జాలీ కాకుండా కనీసం మూడడుగుల దూరంలో రెండుంటే ఒకటి మూసుకుపోయినా పీల్చే బలం రెండోదానికి మళ్లుతుంది.

బడిపిల్లల విహారయాత్రలకు 2001 నాటి ఎం.ఎస్.గ్రేవాల్ తీర్పు గట్టి ఆధారం. బియాస్ నదిలో 14 మంది పిల్లలు మునిగి చనిపోయిన ఆ కేసులో తల్లిదండ్రులకు పిల్లకు 5 లక్షల చొప్పున ఇవ్వమన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. పిల్లలను తీసుకెళ్లిన ఉపాధ్యాయుల తప్పుకు బడి యాజమాన్యం జవాబు చెప్పాలంది. డిండి, అంతర్వేది, యానాం వైపు బస్సుల్లో పిల్లల్ని తీసుకొచ్చే బళ్లు సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుంటే చాలనుకుంటాయి. తల్లిదండ్రులు సమ్మతించేది ప్రయాణానికి, అజాగ్రత్తకు కాదు.

ఎవరి మీద వేయాలి

మన పార్కుల్లో గేటు దగ్గర పాలరాతి మీద దాత పేరు, ప్రారంభించినవారి పేరు, ఆనాటి పాలకవర్గం పేర్లన్నీ చెక్కి ఉంటాయి. నిర్వహణ ఎవరిదో ఎక్కడా ఉండదు. స్థలం మున్సిపాలిటీదో పంచాయతీదో. కాలువ గట్టు జలవనరుల శాఖది. ఆట సామాను ఎవరో ఇచ్చినది. కొలను ఏడాది లీజుకు తీసుకున్న కాంట్రాక్టరుది. ఓపెన్ జిమ్ ఇంకో నిధిలోంచి వచ్చింది. ప్రమాదం జరగ్గానే ఒకరి మీద ఒకరు చూపిస్తారు.

దీనికి తేలికైన దారి ఉంది: ఆ స్థలం మీద అదుపు ఎవరికి ఉందో, గేటుకు తాళం వేసే అధికారం ఎవరిదో వాళ్లందరినీ ప్రతివాదులుగా చేర్చాలి. నష్టపరిహారం కాంట్రాక్టరే భరించాలన్న టెండరు షరతు వాళ్లిద్దరి మధ్య లెక్క, గాయపడ్డవాళ్లను కట్టేయదు. పలువురి తప్పులు కలిసి ఒక గాయమైతే మొత్తం సొమ్ము వాళ్లలో ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చని, తర్వాత వాళ్లూ వాళ్లూ పంచుకోవాలని 2015లో ఖేన్యీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది రోడ్డు ప్రమాదం కేసు, సూత్రం మాత్రం ఒకటే. కాంట్రాక్టరు చేతులెత్తేసే రకమైతే ఈ సూత్రమే ఆదుకుంటుంది. పార్కులో వెలిగే స్తంభం తగిలి షాక్ కొడితే ఇంకో మార్గం కూడా ఉంది. తెగిపడిన కరెంటు తీగ విషయంలో నిర్లక్ష్యాన్ని ప్రత్యేకంగా రుజువు చేయనక్కర్లేదని 2002లో శైల్‌కుమారి కేసులో తేల్చారు. అది విద్యుత్ సంస్థ తీగకు సంబంధించినది. మున్సిపాలిటీ సొంత అలంకార దీపాలైతే మూత ఊడిన జంక్షన్ పెట్టె, 30 మిల్లీ యాంపియర్ల దగ్గరే కరెంటును ఆపేసే రక్షణ స్విచ్ లేకపోవడం చూపించాలి.

యానాం వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. ఎదుర్లంక వంతెన దాటగానే ఆంధ్రప్రదేశ్ అయిపోయి పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం మొదలవుతుంది. అక్కడి మున్సిపాలిటీకి పుదుచ్చేరి చట్టం వర్తిస్తుంది, పై కోర్టు మద్రాసు హైకోర్టు. అమలాపురంలో ఉండే కుటుంబం యానాంలో టికెట్టు కొని గాయపడితే మాత్రం, వినియోగదారుల చట్టం ప్రకారం తాము నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు.

టికెట్టు ముక్క, గడువు

ఇక్కడ చాలామంది పారేసుకునే కాగితం టికెట్టు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉచిత సేవను సేవగా లెక్కించదు. పది రూపాయల టికెట్టు కొంటే వినియోగదారుడు, గేటు తెరిచి ఉంటే కాదు. టికెట్టు పోతే ఫోన్‌పే చెల్లింపు చూపినా సరే. అయిదేళ్ల లోపు పిల్లలకు ఉచితమైనా, డబ్బు కట్టేవాళ్లూ ఉన్న చోట ఉచితంగా పొందినవాళ్లకూ రక్షణ ఉంటుందన్న సూత్రం ఆసుపత్రుల విషయంలో 1995 నాటి వి.పి.శాంత తీర్పులో వచ్చింది. అదే వాదన ఇక్కడా నిలుస్తుంది. కమిషన్‌లో గడువు రెండేళ్లు. పరిధి లెక్కకు చూసేది అడిగే పరిహారం కాదు, చెల్లించిన సొమ్ము. కాబట్టి పార్కు, పడవ కేసులన్నీ జిల్లా కమిషన్‌కే వస్తాయి, రుసుమూ ఉండదు.

ఉచిత పార్కు అయితే సివిల్ కోర్టు. అక్కడే గడువు ఉచ్చు. మామూలుగా మూడేళ్లు అని అందరూ చెబుతారు. కానీ చట్టం ప్రకారం చేసిన పనికో, చేయని పనికో పరిహారం అడిగితే ఒక్క ఏడాదే అనే 72వ అధికరణం కాలపరిమితి చట్టంలో ఉంది, మున్సిపాలిటీ తరఫు న్యాయవాది ముందుగా తీసేది దాన్నే. మనిషి చనిపోతే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద రెండేళ్లు, అదీ భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసమే. అన్నదమ్ములకు అందులో చోటు లేదు. రాష్ట్ర ప్రభుత్వం ప్రతివాది అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. పురపాలక, పంచాయతీ చట్టాల్లో నోటీసు షరతులు విడిగా ఉంటాయి. వీటన్నిటికీ ఒకటే జాగ్రత్త: మూడేళ్లుందని కూర్చోకుండా ఏడాది తిరగక ముందే దావా వేయాలి. నోటీసు కాలం గడువులో మినహాయింపు అవుతుంది, పిల్లలకు మైనారిటీ తీరేదాకా గడువు ఆగుతుంది. అయితే పద్దెనిమిదేళ్లు నిండాక వేద్దామనుకుంటే అప్పటికి ఆ ఉయ్యాల ఉండదు, ఆ ఇంజినీరూ ఉండడు.

హైకోర్టులో రిట్ వేయొచ్చా అంటే, తప్పు ఎవరిదో వివాదమే లేని చోట వేయొచ్చు. వాస్తవాలు తేలాల్సి ఉంటే రిట్ తగదని 2005లో తిముడు ఓరం కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పడవ ప్రమాదాలకు శాశ్వత లోక్ అదాలత్ ఇంకో తలుపు, జలమార్గ రవాణా దాని పరిధిలోనిదే. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

పోలీసు కేసు వేరే దారి. నిర్లక్ష్యంతో మరణమైతే భారతీయ న్యాయ సంహిత 106, గాయమైతే 125. అక్కడ తప్పు చాలా పెద్దదై ఉండాలి, రుజువూ సందేహం లేనంతగా ఉండాలి. క్రిమినల్ కేసు కొట్టేసినంత మాత్రాన సివిల్ దావా పోదు. రాజీకి పిలిచేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

మొదటి వారం

ప్రమాదం జరిగిన రాత్రే వెల్డింగ్ వాడు వస్తాడు. మర్నాటికి కొత్త గొలుసు, కొత్త రంగు. కాబట్టి తెగిన ముక్కను ఫొటో తీయాలి, పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి. తెగిన ముఖం దగ్గరి నుంచి తీయాలి: అంచంతా పాత తుప్పుతో నల్లగా ఉండి మధ్యలో కొంచెమే మెరుస్తుంటే, ఆ పగులు నెలల నాటిది, మెరిసేంత మేరే ఆ రోజు తెగింది. కేసు మొత్తం మీద ఇంతకంటే మంచి సాక్షి దొరకదు. ముక్కను వీలైతే పోలీసులతో పంచనామా చేయించి స్వాధీనం చేయించాలి.

ఆసుపత్రిలో జారిపడ్డాడు అని రాయిస్తే కథ అక్కడే చెడుతుంది. ఎక్కడ, దేని మీద నుంచి, ఎలా అన్నది మెడికో లీగల్ నమోదులో రావాలి. సీసీ కెమెరాల దృశ్యాలు కొన్ని వారాల్లో చెరిగిపోతాయి. భద్రపరచమని కమిషనరుకో కార్యదర్శికో రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోవాలి. ఫోన్ వీడియోలు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి, అసలు ఫోన్ అమ్మేయకూడదు.

ఆ తర్వాత సమాచార హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. అడగాల్సినవి: ఆ పార్కు నిర్వహణ టెండరు, వర్క్ ఆర్డరు, తనిఖీ రిజిస్టరు, గత మూడేళ్ల మరమ్మతుల ఎం-బుక్ పేజీలు, ఆ స్థలంపై వచ్చిన ఫిర్యాదులు. సోమవారం గ్రీవెన్స్‌లో ఎవరైనా ముందే అర్జీ పెట్టి ఉంటే ఆ నంబరు బంగారం. రిజిస్టరే లేదని జవాబొస్తే నిరాశ పడనక్కర్లేదు, తనిఖీ చేయలేదని వాళ్లే రాసిచ్చినట్టు.

ఎదుటివాళ్ల వాదనలు ఊహించదగినవే. స్వంత బాధ్యతపై ఆడుకోవలెను అని గేటుకు రాసిన బోర్డు మొదటిది. సొంత నిర్లక్ష్యానికి బోర్డు కవచం కాదు. హోటల్లో పార్కింగ్‌కు అప్పగించిన కారు విషయంలోనే ఓనర్ రిస్క్ అన్న రాతతో తప్పించుకోలేరని 2019లో సుప్రీంకోర్టు అంది. గాయపడ్డవాడి తప్పు కూడా ఉందన్నది రెండోది. పెద్దవాళ్ల విషయంలో ఇది పనిచేస్తుంది: తాగి కొలనులో దూకినా, పిల్లల ఉయ్యాల్లో తొంభై కిలోల మనిషి కూర్చున్నా పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది. పిల్లలను పెద్దల తూకంతో తూచరు.

సొమ్ము లెక్కలో వైద్యుడిచ్చే శాతానికీ బతుకు కోల్పోయిన శాతానికీ తేడా ఉంది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. నెలకు 12,000 సంపాదించే 34 ఏళ్ల కొబ్బరి దింపు కార్మికుడి మడమ పార్కులో మెట్టు కూలి నుజ్జయిందనుకుందాం. సదరం శిబిరంలో వైకల్యం 30 శాతం అని రాస్తారు. ఏడాదికి 1,44,000, భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే 2,01,600, ఆ వయసుకు గుణకం, అంటే ఎన్నేళ్ల ఆదాయం లెక్కగట్టాలన్న అంకె, 16. 30 శాతం మీద లెక్కేస్తే 9,67,680. కానీ అతను మళ్లీ చెట్టెక్కలేడు. చెట్టెక్కడమే అతని పని, వేరే పని చేయలేడని తేలితే నష్టం నూరు శాతం, అంటే 32,25,600. ఈ గుణకాలు రోడ్డు ప్రమాదాల కోసం వచ్చినవే అయినా సివిల్ కోర్టులూ వాటిని దారిగా పట్టుకుంటాయి. తేడా రాబట్టేది ఒక్క ప్రశ్న, అదీ వైద్యుణ్ని సాక్షిగా పిలిచి అడగాలి: ఈ మడమతో చెట్టెక్కగలడా?

ఆలస్యం ఎంత నష్టమో దిల్లీలోని ఒక పెద్ద హోటల్ ఈతకొలను కేసు చూపిస్తుంది. 1972 ఆగస్టులో ఒక జర్మన్ కో-పైలట్ అక్కడ దూకి తల అడుగుకు తగిలి మెడ కిందంతా చచ్చుబడ్డాడు. దూకే బల్ల కింద చాలినంత లోతు లేదు. దిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 50 లక్షలు ఇవ్వమంది, 1997లో. తీర్పు వచ్చేసరికే ఆయన బతికి లేడు. గాయానికి పరిహారం అడిగే హక్కు మనిషితోనే పోతుంది కాబట్టి దావా అప్పుడే రద్దయిపోయిందని, 2002లో అప్పీలులో ఆ తీర్పును కొట్టేశారు.